నేల మీద నడిచే నీలం

పాలక్కాడ్ కనుమకు ఉత్తరాన, పడమటి కనుమల ఎత్తుల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా బతకని పిట్ట నీలగిరి షోలాకిలి. ఊటీకి వెళ్లే దారిలోనే, టీ తోటల చాటున మిగిలిన చిన్న చిన్న అడవి తునకల్లో దాని కాపురం. ఆ పిట్టను వెతుక్కుంటూ వెళ్లిన ప్రయాణం ఇది.

ఊటీ మనకు కొత్త కాదు. సినిమా పాటల్లో చూశాం. పెళ్లయిన కొత్తలో వెళ్లాం, పిల్లల వేసవి సెలవుల్లో మళ్లీ వెళ్లాం. బొటానికల్ గార్డెన్, బోటు షికారు, దొడ్డబెట్ట, టీ తోటలో ఓ ఫొటో, తిరుగు ప్రయాణంలో చాక్లెట్లూ వర్కీలూ నీలగిరి తైలం సీసాలూ. ఇంత తిరిగినా అసలు నీలగిరులను చూడకుండానే కొండ దిగేస్తాం.

ఎందుకంటే ఆ తైలం తీసే చెట్టు ఆస్ట్రేలియాది. టీ మొక్క చైనా నుంచీ అస్సాం నుంచీ వచ్చింది. పాటల్లో హీరోయిన్ వెనక వరసకట్టి నిలబడే పైన్ చెట్లు ఇక్కడివి కావు. కొండవాలు నిండా పసుపుపచ్చగా పూసే వాటిల్ తుమ్మ కూడా ఆస్ట్రేలియా నుంచి తెచ్చి నాటిందే. 1819లో కోయంబత్తూరు కలెక్టర్ జాన్ సల్లివన్ ఈ కొండలెక్కి, కోటగిరి పక్కన కన్నేరిముక్కులో బంగళా కట్టించుకున్న నాటికి ఇక్కడ ఇవేవీ లేవు. కనుచూపుమేరా గడ్డి ఉండేది. ఆ గడ్డిలో తోడా గిరిజనుల బర్రెలు మేసేవి. గుట్టల మడతల్లో మాత్రం ముదురాకుపచ్చ అడవి నల్లగా కనిపించేది.

ఆ మడతల్లోని అడవే షోలా. పదిహేను వందల మీటర్లు దాటి పైకి వెళ్లేకొద్దీ పడమటి కనుమల తీరు మారిపోతుంది. గుట్టల వీపు మీదంతా గడ్డి. నీరు దిగే పల్లంలో, గాలి తగలని చోట మాత్రం చెట్లు. రెంటికీ మధ్య హద్దు గీసినట్టుంటుంది. ఒక అడుగు ఎండలో వేస్తే రెండో అడుగు చీకట్లో పడుతుంది. చెట్లు పెద్ద ఎత్తుండవు. నేరేడు, దాల్చిన, సంపెంగ జాతుల బంధువులే, కానీ మన మైదానపు నేరేళ్లలా గుబురుగా, నిటారుగా ఎదగవు. చలికీ గాలికీ వంకర్లు తిరిగి, ఒళ్లంతా నాచు కప్పుకుని, కొమ్మకొమ్మకూ ఫెర్న్‌లూ ఆర్కిడ్లూ మోస్తూ నిలబడతాయి. శీతాకాలం రాత్రుల్లో పైన గడ్డి మీద మంచు పేరుకుంటుంది. ఆ మంచులో షోలా మొలకలు బతకవు. అందుకే అడవి గట్టెక్కదు, గడ్డి పల్లంలోకి దిగదు. పాత పుప్పొడి అవశేషాలను పరిశీలించిన శాస్త్రవేత్తలు ఈ గడ్డీ ఈ అడవీ 20,000 ఏళ్లకు పైగా ఇలా పక్కపక్కనే ఉంటున్నాయని తేల్చారు. ఏదో ఒకనాటి అడవిని నరికేస్తే మిగిలిన బయలు కాదు ఈ గడ్డి. అదీ మొదటి నుంచీ ఉన్నదే. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత అవసరమవుతుంది.

షోలాకిలి ఈ అడవిలోనూ నేల మీద ఉండే పిట్ట. పిచ్చుక కన్నా కాస్త పెద్దది. వెన్ను, తల, గొంతు, ఛాతీ ముదురు నీలం. పక్కలూ తోక కిందా ఇటుక రంగు. పొట్ట నడుమ తెల్లగా ఉంటుంది. రెక్కలు పొట్టి, కాళ్లు పొడుగు. ఎత్తుకు ఎగిరే అలవాటు తక్కువ, దూరాలకు పోయే అలవాటు అసలే లేదు. వాగు ఒడ్డున, రాలిన ఆకుల మధ్య, పొదల నీడలో గెంతుతూ పురుగుల్ని ఏరుకు తింటుంది. మాను తొర్రలోనో గట్టు బొరియలోనో నాచుతో, సన్నని వేళ్లతో గూడు కట్టి రెండు గుడ్లు పెడుతుంది. పుట్టిన మడతలోనే పెరిగి, ఆ చుట్టుపక్కలే జత కట్టి, అక్కడే పోయే పిట్ట. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య దీన్ని అంతరించే ముప్పున్న జాతుల ఎర్ర జాబితాలో చేర్చింది.

పైకి చూడొద్దు

కోటగిరి ఊరికి ఆనుకున్నంత దగ్గరలో లాంగ్‌వుడ్ షోలా ఉంది. మొత్తం 116 హెక్టార్లు. మన లెక్కలో మూడు వందల ఎకరాలకు కాస్త తక్కువ. చుట్టూ టీ తోటలు, ఇళ్లు, రోడ్లు. అటవీ శాఖ అనుమతి తీసుకుని, జనవరి చలిలో, ఇంకా వెలుగు రాకముందే లోపలికి నడిచాం. నా వెంట వచ్చిన కుర్రాడు ఆ ఊరివాడే. బడగ కుటుంబం, ఇంటికి కొంచెం టీ తోట ఉంది, పిట్టలంటే ప్రాణం. తమిళంలో ఇంగ్లీషు కలిపి మాట్లాడతాడు. లోపలికి అడుగుపెట్టగానే అతను చెప్పిన మాట ఇది:

‘‘పైకి చూడొద్దు సార్. పైకి చూస్తే చాలా పిట్టలు కనిపిస్తాయి. వాటిని చూస్తూ ఉంటే ఇది మన కాళ్ల దగ్గర నుంచే వెళ్లిపోతుంది.’’

అతనన్నట్టే పైన పిలుపులు మొదలయ్యాయి. ముందుగా ఈలపాట. మనిషెవరో తీరిగ్గా, రాగం మరిచిపోయి మళ్లీ అందుకున్నట్టు ఈల వేస్తాడే, అచ్చం అలాగే. మలబార్ ఈలపిట్ట అది. తర్వాత నీలగిరి చిలప్పన్ల గుంపు. ఒకటి మొదలుపెడితే అన్నీ కలిసి పకపకా నవ్వుతాయి, అడవంతా మోగిపోతుంది. నలుపూ నారింజా రంగుల చిన్న ఈగపట్టు పిట్ట ఒకటి మా మోకాలి ఎత్తు కొమ్మ మీదికొచ్చి, మనుషులంటే లెక్కలేనట్టు కూర్చుంది. అదీ పడమటి కనుమల్లో తప్ప దొరకని పిట్టే. వేరే రోజైతే దాని దగ్గరే పొద్దంతా గడిపేవాణ్ణి.

వాగు దగ్గరికి చేరాం. నీళ్లు ఎక్కువ లేవు, చప్పుడు మాత్రం ఉంది. ఒడ్డున ఎప్పుడో పడిపోయిన మాను అడ్డంగా ఉంది. దాని మీద నాచు అరచేతి మందాన పెరిగింది. కుర్రాడు చేత్తో కూర్చోమని సైగ చేసి, తనూ పక్కన గొంతుక్కూర్చున్నాడు. తడి నేల చలి బట్టల్లోంచి పైకి పాకింది. పొగమంచు చెట్ల మధ్య నుంచి ఓ మాటు దట్టంగా వచ్చి, ఓ మాటు పలచబడుతోంది. చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత సన్నటి ఈల, దాని వెంటే గబగబా కలగాపులగంగా కొన్ని స్వరాలు. వాగుకు అవతలి గట్టు నుంచి. కుర్రాడు నా మోచేయి పట్టుకున్నాడు. అంతే, మాట లేదు.

మాను కింద రాలిన ఆకుల్లో ఒకటి కదిలింది. గాలి లేదు. ఇంకో ఆకు పక్కకు ఎగిరి పడింది. ఏదో దాన్ని ముక్కుతో పట్టి విసిరేసినట్టు. నల్లటి చిన్న ఆకారం ఒకటి మాను చాటు నుంచి గెంతి, నాచు పట్టిన రాయి మీద నిలబడిపోయింది. నలుపనే అనుకున్నాను. షోలా లోపల ఆ వేళప్పుడు అన్నీ నలుపే. అది ఒక్క గెంతు ముందుకు వేసింది. పైన ఆకుల సందులోంచి దిగిన కాస్త వెలుతురు భుజం మీద పడింది. అప్పుడు బయటపడింది నీలం. తడిసిన పలక మీద ఆకాశం పడితే వచ్చే రంగు. కంటి మీద ఇంకాస్త లేతగా ఓ గీత. పక్కకు తిరిగితే రెక్క కింద ఇటుక రంగు. కళ్లు నల్లగా, ఆ ముఖానికి కొంచెం పెద్దవిగా ఉన్నాయి. చీకట్లో వెతుక్కుని బతికే పిట్టకు అలాంటి కళ్లే కావాలేమో.

తల వంచి ఆకుల వైపు చూసింది. కదలకుండా అలాగే ఉంది. తర్వాత కాలు ఎత్తినట్టు కూడా తెలియకుండా దిగి, ఓ ఆకును తిరగేసి, దాని కింది పురుగును అందుకుంది. ముక్కులో పురుగు మెలికలు తిరుగుతుంటే రాతికేసి రెండు దెబ్బలు కొట్టి మింగేసింది. మళ్లీ రాయెక్కి, తోకను ఒకసారి విదిలించి, మాను కింది చీకట్లోకి నడిచి వెళ్లిపోయింది. ఎగరలేదు. నడిచే వెళ్లింది.

ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషమే, కానీ అందులో భయం కూడా కలిసి ఉంది. నా ముందు నిలబడిన ప్రాణి ఈ కొండ దిగితే బతకదు. ఇక్కడి నుంచి ఇంకో అడవికి పోదామన్నా మధ్యలో టీ తోటలు, రోడ్లు, ఎండ. దానికి ఉన్న లోకం ఆ వాగూ, ఆ నాచూ, ఆ రాలిన ఆకులే.

నెల్లూరు డాక్టరు గారి పిట్ట

ఈ పిట్టను శాస్త్రలోకానికి పరిచయం చేసినాయన తెలుగు నేలకు పాత పరిచయస్థుడు. పేరు థామస్ కావర్‌హిల్ జెర్డన్. ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యంలో వైద్యుడిగా 1836లో వచ్చాడు. గంజాం వైపు పనిచేశాడు, ఆ తర్వాత దక్కన్‌లో తిరిగాడు, కొన్నేళ్లు నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉన్నాడు. నెల్లూరులో యానాదులతో స్నేహం చేసి, జంతువుల గురించీ పిట్టల గురించీ వాళ్లకు తెలిసిన సంగతులు ఎన్నో నేర్చుకున్నాడు. మధ్య మధ్య నీలగిరుల్లో గడిపినప్పుడు అక్కడి పిట్టల మీద పడ్డాడు.

మన కడప కలివి కోడికి ఇంగ్లీషులో ఉన్న పేరు ఈ జెర్డన్‌దే. 1848లో శాస్త్రలోకానికి తెలిసి, 1900 తర్వాత ఎవరికీ కనిపించకుండా పోయి, 1986లో లంకమల దాపున మళ్లీ దొరికిన ఆ పిట్ట కథ తెలుగు పాఠకులకు బాగా తెలుసు. కలివి కోడిది ముళ్ల పొదల అడవి, రాత్రి సంచారం. షోలాకిలిది తడి అడవి, పగటి బతుకు. అయినా రెండూ ఒక విషయంలో తోబుట్టువులే. రెండూ నేల మీద నడుస్తాయి, రెండూ ఓ చిన్న జాగాను నమ్ముకుని బతుకుతాయి, ఆ జాగా పోతే రెండింటికీ పోయే చోటు లేదు. జెర్డన్ కాలంలో వీటి ఉనికికి ముప్పు రావచ్చని ఎవరూ అనుకుని ఉండరు.

పిట్ట దొరికింది గానీ దాని చుట్టాలెవరో తేలడానికి ఇంచుమించు 175 ఏళ్లు పట్టింది. జెర్డన్ ఒక ప్రజాతిలో వేశాడు. తర్వాతివాళ్లు అక్కడి నుంచి తీసి ఇంకోదానిలో వేశారు. చాలాకాలం హిమాలయాల్లో ఉండే పొట్టిరెక్కల పిట్టల కుటుంబంలో చేర్చి చూశారు. నా తరం పిట్టల పుస్తకాల్లో దాని పేరు అదే, పొట్టిరెక్కల పిట్ట. నేల మీద తిరిగే పొడుగు కాళ్ల పిట్ట కావడంతో పోలిక సరిపోయిందనుకున్నారు. పాలక్కాడ్ కనుమకు ఉత్తరాన ఉన్నదీ దక్షిణాన ఉన్నదీ ఒకటే జాతా, రెండా అన్నది కూడా వాదనగానే ఉండేది.

ఆ చిక్కుముడి విప్పిన బృందంలో ముఖ్యుడు వి.వి. రాబిన్. ఇప్పుడు మన తిరుపతి ఐసర్‌లో పరిశోధకుడు, అధ్యాపకుడు. ఏళ్ల తరబడి షోలాల్లో సన్నని వలలు కట్టి, పడిన పిట్టల నుంచి ఓ రక్తపు బొట్టు తీసుకుని, కాలికి రింగు వేసి వదిలిపెట్టే పని. బెంగళూరు ఎన్‌సీబీఎస్ శాస్త్రవేత్త ఉమా రామకృష్ణన్, పక్షి శాస్త్రవేత్త సుష్మా రెడ్డి, వయనాడు అడవులు బాగా తెలిసిన సి.కె. విష్ణుదాస్ తదితరులు ఆ పనిలో ఉన్నారు. 2017లో వాళ్లు ప్రకటించిన ఫలితం పక్షి శాస్త్రాన్ని కదిలించింది. షోలాకిలులకూ హిమాలయపు పొట్టిరెక్కల పిట్టలకూ దగ్గరి చుట్టరికం లేదు. ఇవి ఈగపట్టు పిట్టల కొమ్మ నుంచి ఎప్పుడో విడిపోయి, ఈ దక్షిణాది కొండల్లోనే తమదైన దారిలో మారుతూ వచ్చినవి. పైకి ఎగిరి ఈగల్ని పట్టే వంశంలోంచి నేల మీద నడిచే బిడ్డ పుట్టిందన్నమాట. వీటికి షోలికోలా అని కొత్త ప్రజాతి ఏర్పాటు చేశారు. అందులో నీలగిరి షోలాకిలి, తెల్లపొట్ట షోలాకిలి, దక్షిణ కొసన అగస్త్యమల ప్రాంతంలో ఉండే అషాంబు షోలాకిలి అని మూడు జాతులు. ఈ మూడోది అప్పటి దాకా శాస్త్రానికి విడి జాతిగా తెలియదు. అదే పరిశోధనలో చిలప్పన్లకూ కొత్త ప్రజాతి వచ్చింది. వాటిలో బాణాసుర చిలప్పన్ అనేది వయనాడు, కొడగు వైపు రెండు మూడు శిఖరాల మీద మాత్రమే ఉంది. దాని శాస్త్రీయ నామంలో మళ్లీ జెర్డన్ పేరే.

కోయంబత్తూరు గాలికి దారి, పిట్టకు గోడ

కోయంబత్తూరుకు పడమటి నుంచి చల్లగాలి వస్తుందని అక్కడ తరతరాలుగా స్థిరపడిన మన తెలుగువాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. ఆ గాలి వచ్చే దారే పాలక్కాడ్ కనుమ. పడమటి కనుమల గోడకు పడిన గండి. ఇంచుమించు ముప్పై నలభై కిలోమీటర్ల వెడల్పు. దానికి ఉత్తరాన దొడ్డబెట్ట 2,637 మీటర్లు, దక్షిణాన అనైముడి 2,695 మీటర్లు. మధ్యలో కొబ్బరి తోటలు, వరి పొలాలు, ఎండ. మనకది రైలు మార్గం. ఓ చల్లటి నీడలో పుట్టి, పొట్టి రెక్కలతో నేల మీద గెంతే పిట్టకు మాత్రం అది సముద్రం. అందుకే శాస్త్రవేత్తలు ఈ శిఖరాలను ఆకాశ ద్వీపాలంటారు.

ఈ గండికి అటూ ఇటూ ఉన్న షోలాకిలులు విడిపోయి సుమారు 50 లక్షల ఏళ్లయిందని 2010లో వచ్చిన జన్యు అధ్యయనం లెక్కగట్టింది. అంటే మనిషి అనేవాడు ఇంకా రాకముందు నుంచీ ఆ పిట్టలు ఒకదాన్నొకటి చూసుకోలేదు. 2015లో ఇంకో పెద్ద అధ్యయనం వచ్చింది. పడమటి కనుమల కొండ అడవుల్లోని 23 జాతులకు చెందిన 356 పిట్టల జన్యువులను పోల్చారు. వాటిలో 10 జాతులు పాలక్కాడ్ కనుమ దగ్గరే లోతుగా విడిపోయి కనిపించాయి. లోయ ఎంత వెడల్పు, ఎంత లోతు ఉంటే అంత ఎక్కువ జాతులను విడదీస్తుంది. ఇదే కొండల వరసలోని చెంగోట కనుమ ఇంతకన్నా ఇరుకు, అక్కడ విడిపోయిన జాతులూ తక్కువే.

పాటల సంగతి నన్ను ఇంకా ఎక్కువ ఆలోచింపజేసింది. షోలాకిలి పిల్లలు చుట్టూ విన్న పాట నుంచే నేర్చుకుంటాయి. కొండల మధ్య ప్రాచీన లోయలు విడదీసిన గుంపుల పాటల్లో ఒక రకమైన తేడా ఉంది. మొన్న మొన్న, మనిషి అడవి నరికినందుకు విడిపోయిన గుంపుల పాటల్లో మరో రకమైన తేడా ఉంది. చేతన పురుషోత్తం, రాబిన్ 2016లో ప్రచురించిన పరిశోధన ఇది. లక్షల ఏళ్ల పాటు లోయ చేసిన పనిని కొద్ది తరాల్లోనే టీ తోటలూ వాటిల్ తోటలూ వేరే పద్ధతిలో చేస్తున్నాయి. పక్క మడతలోని పిట్ట పాట వినబడకపోతే ఈ మడతలోని పిట్ట పాట వేరు పడుతుంది. గొడ్డలి దెబ్బ పాటలో కూడా వినిపిస్తుందని తెలిశాక అడవి గురించి నేను ఆలోచించే తీరే మారింది.

ఇలాంటి చిన్న ద్వీపాలు మన తూర్పు కనుమల్లోనూ ఉన్నాయి. ఈశాన్య భారతపు తడి అడవుల్లో కనిపించే అబ్బాట్ బాబ్లర్ అనే పిట్ట మన తూర్పు కనుమల్లోనూ దొరికింది. అక్కడిది కాస్త వేరు పడిందని గమనించి, 1985లో డిల్లన్ రిప్లే, బ్రూస్ బీలర్ దాన్ని ప్రత్యేక ఉపజాతిగా వర్ణించారు. పేరు కృష్ణరాజుయి. విశాఖపట్నానికి చెందిన పక్షి శాస్త్రవేత్త కె.ఎస్.ఆర్. కృష్ణరాజు గారి పేరే అది. తెలుగువాడి పేరు పెట్టుకున్న అడవి పిట్ట మన కొండల్లో ఉందని మన బడి పుస్తకాల్లో ఒక్క వాక్యమైనా ఉండాలి. అరకు రైలెక్కే పిల్లలకు ఆ పేరు తెలియాలి.

నీళ్ల కోసం కాపాడితే పిట్ట మిగిలింది

లాంగ్‌వుడ్ షోలా మిగలడానికి కారణం పిట్టలు కాదు, నీళ్లు. ఆ అడవిలో పుట్టిన వాగులు కిందున్న పల్లెలకు తాగునీళ్లు. షోలా నేల నిండా ఆకులు కుళ్లి మెత్తగా ఉంటుంది. వాన పడ్డప్పుడు నీళ్లు పీల్చుకుని, ఎండాకాలంలో మెల్లగా వదులుతుంది. ఆ సంగతి బాగా తెలిసిన స్థానికులు కమిటీగా ఏర్పడి ఈ అడవికి కాపలా కాస్తూ వచ్చారు. కట్టెల కోసం కొట్టకుండా, చెత్త పోయకుండా, అంచులు ఆక్రమించకుండా చూసుకున్నారు. 2024 జనవరిలో లాంగ్‌వుడ్ షోలాను రామ్‌సర్ ప్రాంతంగా గుర్తించారు. అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలలకు ఇచ్చే గుర్తింపు అది. మన కొల్లేరుకు 2002లో దక్కింది. సరస్సు కాని, చెరువు కాని ఓ కొండ అడవి కొల్లేరు సరసన చేరిందంటే నీటి పుట్టుకకు ఇచ్చిన గౌరవమే. పడమటి కనుమలకే ప్రత్యేకమైన 26 పక్షి జాతుల్లో 14 ఆ మూడు వందల ఎకరాల్లోపే ఉన్నాయని ఆ గుర్తింపు సందర్భంగా చెప్పారు.

అన్ని షోలాలకూ అలాంటి ఊళ్లు లేవు. పైగా షోలాను కాపాడితే చాలదు. మొదట్లో చెప్పిన గడ్డి సంగతి ఇక్కడికొస్తుంది. ‘బంజరు’ అని పేరు పెట్టి ఆ గడ్డి మీద బ్రిటిష్‌వాళ్లు మొదలుపెట్టిన వాటిల్, యూకలిప్టస్, పైన్ తోటలను స్వతంత్రం వచ్చాక కూడా పెంచుకుంటూ పోయాం. పళని కొండల్లో ఉపగ్రహ చిత్రాలతో చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. నాలుగు దశాబ్దాల్లో అక్కడి గడ్డి భూములు మూడింట రెండొంతులు మాయమయ్యాయి. కలప తోటలూ సాగూ ఆ చోటును ఆక్రమించాయి. చెట్లు పెరిగాయి కదా అని సంబరపడే లెక్క కాదిది. నాటిన పరాయి చెట్టు గడ్డి నోట్లోని నీళ్లు తాగేస్తుంది, వాగు సన్నబడుతుంది, షోలా అంచు ఎండుతుంది. గడ్డి మీదే బతికే నీలగిరి తార్ మేకకూ, నీలగిరి గడ్డిపిట్టకూ చోటు ఉండదు. మొక్కలు నాటే ఉత్సాహంలో ఉన్న మనందరికీ ఇది కొరుకుడు పడని విషయమే. అయినా ఒప్పుకోక తప్పదు. కొన్ని చోట్ల చెట్టు నాటడమే విధ్వంసం, చెట్టు కొట్టేయడమే మరమ్మతు.

దీనికి తోడు వేడి. మైదానంలో వేడి పెరిగితే పిట్ట కొండెక్కుతుంది. కొండ మధ్యలో పెరిగితే ఇంకాస్త పైకి పోతుంది. శిఖరం మీద ఉన్నదానికి ఇక పైన ఏమీ లేదు. బాణాసుర చిలప్పన్ వంటి పిట్టల విషయంలో పరిశోధకుల బెంగంతా ఇదే.

వెళ్లాలనుకుంటే

డిసెంబరు నుంచి మార్చి మొదటి వారాల దాకా మంచి కాలం. వాన తక్కువ, జలగల బాధ తక్కువ. ఏప్రిల్ నుంచి జూన్ దాకా గూళ్ల కాలం, అప్పుడు వాగు ఒడ్డుల్లోకి దిగకపోవడం మంచిది. సొంత వాహనంలో నీలగిరులకు వెళ్లేవారికి మద్రాసు హైకోర్టు ఆదేశాలతో 2024 మే నుంచి ఈ-పాస్ పద్ధతి వచ్చింది. బయల్దేరే ముందే చూసుకోవాలి. అడవిలోకి వెళ్లడానికి అటవీ శాఖ అనుమతి, స్థానికుడి తోడు రెండూ ఉండాలి. అడవిదున్నలు టీ తోటల్లో పొద్దునా సాయంత్రం తిరుగుతుంటాయి. వాటితో చనువు పనికిరాదు. దారి తెలిసినవాడుంటేనే ధైర్యం.

ఫోనులో పిట్ట పాట పెట్టి బయటికి పిలవడం ఈమధ్య బాగా అలవాటైంది. దయచేసి చేయొద్దు. ఆ పాట దాని చెవికి ఇంకో మగపిట్ట తన చోటులోకి దూరినట్టు వినబడుతుంది. తిండి మానేసి, గూడు వదిలేసి, లేని శత్రువుతో పోట్లాడటానికి వస్తుంది. వారాంతంలో వరసగా పదిమంది అదే పని చేస్తే దాని గతేమిటి? ఫ్లాష్ కూడా అంతే. పిట్టకు కనబడేలా కాకుండా ఓ చెట్టు మొదట్లో ఆనుకుని కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, వాగు చప్పుడు వింటూ ఉండాలి. వస్తే వస్తుంది. రాకపోయినా ఆ పొద్దంతా చిలప్పన్లూ ఈలపిట్టలూ నలుపూ నారింజ పిట్టలూ ఉంటాయి, చెట్ల పైన నీలగిరి పావురాలు ఉంటాయి, నల్లటి కొండముచ్చులు ఉంటాయి. వాటిలో ఒక్కటి చూడటానికి కూడా ప్రపంచం నలుమూలల నుంచి మనుషులొస్తారు.

పిల్లల్ని తీసుకెళ్లొచ్చా అని చాలామంది అడుగుతారు. తప్పకుండా తీసుకెళ్లండి. కాకపోతే ముందే చెప్పండి, ఇది జూ కాదని, ఓపిక పట్టాలని. కోటగిరి కుర్రాడు చెప్పిన ప్రకారం పెద్దలకన్నా పిల్లలే ముందు చూస్తారట. ‘‘వాళ్ల కళ్లు నేలకు దగ్గర కదా సార్’’ అన్నాడు.

ఇంకో మూడు నాలుగు రోజులు చేతిలో ఉంటే కొడైకెనాల్ కూడా కలుపుకోండి. ఊరి మధ్యలోనే బొంబాయి షోలా ఉంది. అక్కడికి దగ్గర్లోనే పాంబార్ షోలా. అక్కడుండేది తెల్లపొట్ట షోలాకిలి. పక్కలకు ఇటుక రంగు ఉండదు, బూడిద నీలం. నుదుటి మీద నీలి గీత ఇంకాస్త మెరుపుగా ఉంటుంది. పాట కూడా వేరు. కోటగిరి నుంచి మేట్టుపాళయం దిగి, కోయంబత్తూరు, పొళ్లాచ్చి, ఉడుమల్‌పేట, పళని మీదుగా మళ్లీ కొండెక్కాలి. పొద్దున్నే బయల్దేరితే చీకటి పడేలోగా చేరుకోవచ్చు.